రిమార్కుల గడి

తహసీలు ఆఫీసులో బీరువా తెరిస్తే
ముందు బయటికొచ్చింది చెదపురుగు,
తర్వాత డైగ్లాటు,
ఆ తర్వాత మా ముత్తాత.
కడలి పేరయ్య, కొంగలంక,
సర్వే నెంబరు నలభై ఒకటిలో రెండు,
ఎకరం పన్నెండు సెంట్లు, మెరక.
పక్కన రిమార్కుల గడిలో
ఎవరిదో గుండ్రని చేతిరాత:
నదిలో కలిసినది.

గుమాస్తా అంబాజీ కళ్లజోడు పైకి తోసి
"భూమేనండీ కలిసింది, మనిషి కాదు" అన్నాడు.
నకలుకి డబ్బులు కట్టమన్నాడు.

మోతుబరుల ఇళ్లకైతే ఏడాదికోసారి వచ్చేవాళ్లుండేవారు.
అరుగుమీద కూర్చుని గోత్రంతో ఎత్తుకుని
ఏడు తరాలూ ఊపిరి తిప్పుకోకుండా చదివి
ధాన్యం కొలిపించుకు పోయేవాళ్లు.
మా గీతగాళ్ల గుమ్మం ముందు వాళ్లెప్పుడూ ఆగలేదు.
మమ్మల్ని లెక్కపెట్టింది ఆబ్కారీ వాళ్లొక్కరే.
అదీ మనుషుల్ని కాదు, తాళ్లని.
చెట్టుకో నెంబరు, తారుతో, రొమ్మెత్తున.

వంశవృక్షం గీసుకు రమ్మందట
మనవరాలి పంతులమ్మ.
అట్టముక్క ముందు పెట్టుకు కూర్చున్నాను.
తాటిచెట్టుకి కొమ్మలుండవు కదా.

మేనత్త పల్లాలమ్మ దగ్గరికెళ్లాను.
ఎనభై దాటింది, పళ్లు లేవు, చుట్ట ఉంది.
"నెంబర్లు ఆళ్లయిరా, పేర్లు మనయి.
ఏటివారనించి రాసుకో:
మాచమ్మ,
జంట చిట్టెమ్మలు,
ఒంటికన్నుది,
రంగం చెట్టు,
కోడలు మెచ్చింది, బోడిది,
పురిటి చెట్టు..."

మాచమ్మంటే పేరయ్య తల్లి.
కాపరానికొచ్చిన నాడే
కల్లుకుండకి సున్నం తనే పూసి
మామగారికి అందించిందట.
డైగ్లాటులో ఆమె లేదు.
చిట్టెమ్మలు కవలలు. మశూచికం
ఒకే వారంలో ఇద్దర్నీ తీసుకుపోతే
పక్కపక్కనే రెండు టెంకలు పాతారు.
మొగుణ్ని వదిలేసొచ్చినామెని
ఏ చెట్టు కింద కూర్చోబెట్టి తగువు తీర్చారో కూడా చెప్పింది.
అది రాయొద్దంది.

"మరి రంగం చెట్టు?"
"మీ పెదతాత ఈరాసామి
కాకినాడలో స్టీమరెక్కిన ఏడు పాతింది.
గీతకి రాడానికి పదిహేనేళ్లు పట్టింది.
చెట్టు గీతకొచ్చింది. ఆయన రాలేదు."
ఆయన పంపిన మనియార్డరు రశీదొకటి ఉంది,
నాలుగు మడతల్లో, నాలుగు ముక్కలుగా.
దానిమీద మా ఇంటిపేరు కడలి కాదు, కదలి.
డకీ దకీ తేడా తెలియని ఆ రైటరు
తప్పు రాశాడో, ఒప్పే రాశాడో.

"పురిటి చెట్టు?"
అత్త చుట్ట నోట్లోంచి తీసింది.
"దాన్ని మేం గీయలేదెప్పుడూ" అంది.
కాసేపాగి, పొద్దుపోయింది ఇంటికెళ్లమంది.
కాగితం మీద ఆ పేరు పక్కన
ఖాళీ వదిలాను, రిమార్కుల గడంత.

వైశాఖంలో ఏరు చిక్కాక
ఓలేటి దానియేలు పడవలో వెళ్లాను.
నలభై ఒకటిలో రెండు మీద
మూడు మూరల నీళ్లు.
అడుగున ఇసుక, ఇసుకమీద
వల విసిరినట్టు ఎండ.
నేనింకా శిస్తు కట్టాలేమో అనిపించేంత
తేటగా కనపడుతోంది నేల.

ఏటివారనించి లెక్కపెడదామంటే
ఏటికి వారే లేదు.
ఒక్క మొద్దు మాత్రం పైకి తేలి ఉంది,
నాచుపట్టి, నల్లగా,
తారు గుర్తు ఉండేంత ఎత్తు కూడా మిగల్లేదు.
దానియేలు దానికే పడవ కట్టి
బీడీ ముట్టించాడు.

"దీని పేరేంటో తెలుసా?" అన్నాను.
"గుంజండీ" అన్నాడు.

జేబులోంచి కాగితం తీసి
చూసి, మళ్లీ మడిచి పెట్టుకున్నాను.
ఏ చెట్టో నాకూ తెలీదు.
పురిటి చెట్టు కాకూడదనో, కావాలనో
దానిమీద చెయ్యి వేసి ఉంచాను
పడవ కదిలేదాకా.